పోగు తప్పిన గుడ్డ

చనిపోయినవాళ్ళ గురించి మంచి మాటలు చెప్పుకోవడానికి సూరత్ బమ్రోలిలో మా తెలుగువాళ్ళకొక హాలు ఉంది. పెళ్ళిళ్ళు కూడా అందులోనే చేస్తాం కాబట్టి మైకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, మాట్లాడేవాళ్ళు అంతకంటే సిద్ధంగా ఉంటారు. పోయిన ఆదివారం పొద్దున మా మాస్టర్ సంతాప సభ అక్కడే జరిగింది. తెలుగు సంఘం పెద్దాయన, బ్యాంకులో రిటైరైన మనిషి, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. ఎవరికీ తెలియకుండా, ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా, ఆఖరికి తనకు కూడా తెలియకుండా పోయాడనీ, అలాంటి చావు పుణ్యాత్ములకే వస్తుందనీ అన్నారు. హాలంతా తల ఊపింది. నేనూ ఊపాను.

ఊపాక ఒళ్ళు మండింది. తెలియకపోవడమే ఆ మనిషి రోగం. ఆ రోగాన్నే తీసుకొచ్చి పూలదండ చేసి ఫోటోకు వేశారు. మాస్టర్ బతికి ఉండి ఆ మాట వింటే మెచ్చుకునేవాడు కాదు. అసలు వినేవాడే కాదు, ఫోటో వెనక కట్టిన ఎర్ర కర్టెన్ చూస్తూ ఉండేవాడు. ఆ కర్టెన్‌లో కుడివైపు, మనిషి ఎత్తులో, రెండు పోగులు లేవు. ఆ సంగతి ఆయన ఇదే హాల్లో ఒక పెళ్ళిలో, తలంబ్రాలు పోస్తుండగా, పెళ్ళికొడుకు తండ్రిని పక్కకు పిలిచి మరీ చూపించాడు.

నేను ఆయన దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేశాను. పాండేసరలో మరమగ్గాల షెడ్డు మాది. మగ్గం మీద నుంచి దిగిన గుడ్డ చుట్టను సూరత్‌లో తాకా అంటారు. ప్రతి తాకా మాస్టర్ బల్ల మీదుగా పోవాలి. బల్ల పైన అద్దం, అద్దం కింద ట్యూబులైటు. ఆయన గుడ్డను అద్దం మీద లాగుతూ తప్పులు పడితే నేను పక్కన నిలబడి సుద్దముక్కతో గుర్తు పెట్టేవాణ్ణి. తప్పులు ఎక్కువైతే తాకా డ్యామేజీ. నేసినవాడి కూలి కోసేస్తారు.

సన్నటి మనిషి. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, కుడి బొటనవేలి గోరు మాత్రం పొడుగ్గా పెంచేవాడు. ఆ గోరు గుడ్డ మీద పోతూ పోతూ పోగు లేని చోట ఆగేది. కళ్ళతో చూడడం ఆ తర్వాతే. షెడ్డులోనే కాదు, సిటీ బస్సులో ముందు నిలబడ్డవాడి చొక్కా కూడా ఆ గోటితో తడిమేవాడు. ఒకసారి ఉధ్నాలో ఒకాయన జేబు కొట్టేస్తున్నాడనుకుని ఈయన చెయ్యి పట్టుకున్నాడు. మాస్టర్ ఏమాత్రం కంగారు పడకుండా, నీ చొక్కా వీపు మీద నూలు తెగి ఉంది, ఇచ్చి మార్చుకో అని హిందీలో సలహా ఇచ్చి బస్సు దిగాడు.

మగ్గం నడిపే కారీగర్లకు ఆయనంటే హడల్. పడుగు చుట్టి వచ్చే బీమ్ మీదికి తప్పు నెట్టి, బీమ్ మంచిగ లేదు మాస్టర్ అని ఎవడైనా సణిగితే, బీమ్ సంగతి తర్వాత, నువ్వు మంచిగున్నవా అని అడిగేవాడు. అన్నిటికంటే కోపం పిన్నుల దగ్గర. మా మగ్గాలకు ప్రతి పడుగు పోగుకూ ఒక సన్న ఇనుప పిన్ను వేలాడుతుంది. పోగు తెగితే పిన్ను పడుతుంది, పిన్ను పడితే మగ్గం ఆగుతుంది, కారీగర్ వచ్చి ముడి వేస్తాడు. మాటిమాటికీ ఆగుతుంటే చిరాకు కదా, కొందరు ఆ ఏర్పాటునే తీగతో కట్టేస్తారు. ఇక మగ్గం హాయిగా నడుస్తుంది, తెగిన పోగుతోనే పది మీటర్లు నేసి పెడుతుంది. అలా కట్టేసినవాడు మాస్టర్‌కు దొరికితే ఆ రోజు వాడికి పండగే. "ఆగుడు తెల్వని మగ్గం గుడ్డిది. దాన్ని నడిపేటోడు ఇంకా గుడ్డోడు" అనేవాడు.

ఇంకొకటి తిండి. బల్ల చుట్టుపక్కల బిస్కెట్ ముక్క కనబడకూడదు. నూనె మరక పడితే ఆ గుడ్డ ఇక అద్దకానికి పనికిరాదని ఆయన బాధ. మేం లోపలికి వచ్చేముందు గుమ్మంలో జేబులు తడిమేవాడు. నా జేబులోంచి ఆయన తీసి పారేసిన చాక్లెట్లన్నీ ఉంటే ఒక దుకాణం పెట్టుకునేవాణ్ణి. తన జేబు కూడా తిరగేసి చూపించేవాడు, నియమం అందరికీ ఒకటేనని. ఈ నియమం సంగతి గుర్తుంచుకోండి.

ఆయనకు పదహారో ఏట నుంచి షుగర్. చిన్న వయసులో వచ్చే రకం అది, మాత్రలతో పోయేది కాదు, రోజూ సూది పొడుచుకోకపోతే ప్రాణమే నిలవదు. సూది మందు ఎక్కువై తిండి తక్కువైతే రక్తంలో చక్కెర పడిపోతుంది. అదీ ప్రమాదమే, ఇంకా తొందరగా. ఇవన్నీ నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్న సంగతులు. అప్పట్లో మాకు తెలిసిందల్లా ఆదివారం దర్బారు.

ఆదివారం పొద్దున మాస్టర్ గదికి జనం వచ్చేవారు. రైల్వేవాళ్ళు, బ్యాంకులవాళ్ళు, అందరికీ నలభై దాటాక వచ్చిన షుగర్. మన సంఘం పెద్దాయన వాళ్ళలో మొదటి వరస. తలా ఒక పుస్తకంలో అంకెలు రాసుకొచ్చి, పరీక్ష రాసొచ్చిన పిల్లల్లా చూపించుకునేవారు. నూట ఎనభై అన్నవాడికి నిట్టూర్పులు, రెండు వందల ముప్పై అన్నవాడికి చీవాట్లు. అందరి వంతూ అయ్యాక మాస్టర్ వేలికి సూది గుచ్చుకుని, చుక్క రక్తం మిషన్‌కు అంటించి, మిషన్‌ను జనం వైపు తిప్పేవాడు. యాభై ఎనిమిది. ఇంకో ఆదివారం యాభై రెండు.

"చూడున్రి. యాభై రెండు. నిలవడి మాట్లాడుతున్న. చెమట లేదు, వణుకు లేదు. మీది చుట్టం లెక్క వచ్చిన షుగరు, నాది ఇంట్ల మనిషి. నా మాట ఇంటది."

జనం చేతులు జోడించడం ఒక్కటే తక్కువ. యాభై రెండు దగ్గర మనిషి ఉపన్యాసం ఇవ్వకూడదనీ, ఉన్నపళంగా ఏదైనా తీపి తినాలనీ ఆ గదిలో ఒక్క చదువుకున్నవాడికీ తెలియదు. వణకకపోవడం ఆరోగ్యం కాదనీ, వణకాల్సిన ఒళ్ళు వణకడం మానేసిందనీ అంతకన్నా తెలియదు. అంకె ఎంత దిగితే మనిషి అంత ఎక్కాడని మా లెక్క. సంఘం పెద్దాయన అయితే ఉగాది సభలో మాస్టర్‌కు శాలువా కప్పించారు. క్రమశిక్షణకు నిలువెత్తు రూపమన్నారు. శాలువా అందుకుని మాస్టర్ ముందు చేసిన పని దాని అంచును గోటితో తడమడం.

ఇక పదకొండున్నర సంగతి చెబుతాను. చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది.

పొద్దున ఏడింటికి సూది పొడుచుకుని రెండు రొట్టెలు తినేవాడు. మళ్ళీ తిండి ఒంటిగంటకు. మధ్యలో ఏమీ లేదు, తను పెట్టిన నియమం తనకు అడ్డం. పదకొండు దాకా ఎప్పటి మాస్టరే. పదకొండున్నరకు వేరే మనిషి కనిపించేవాడు. మొహంలో చిన్న నవ్వు వచ్చి అక్కడే ఉండిపోయేది. మాట నెమ్మదించేది. పొద్దున్నుంచీ తిట్టినవాణ్ణి బిడ్డా అని పిలిచేవాడు. గోరు గుడ్డ మీద పోయేది గాని ఎక్కడా ఆగేది కాదు. లాగిన గుడ్డే మళ్ళీ వెనక్కి లాగి, మంచిగున్నది, పాస్ అనేవాడు. చేతిలోని పాస్ ముద్రను ఒకచోట రెండుసార్లు కొట్టేవాడు.

మొదట కనిపెట్టింది వడోద్ నుంచి వచ్చే ఒక కారీగర్. మూడు చోట్ల పోగులు లేని తాకా, పొద్దున భయపడి దాచుకుని, ఆలస్యంగా తెచ్చాడు. మాస్టర్ దాన్ని నిమిరి పాస్ చేసి, పైగా వాడి పిల్లలు బాగున్నారా అని అడిగాడు. వాడికి పెళ్ళి కూడా కాలేదు. ఆ మాట మధ్యాహ్నానికల్లా షెడ్డంతా తిరిగింది. వారం గడిచేసరికి పద్ధతి ఏర్పడిపోయింది. మంచి తాకాలు పొద్దున్నే బల్లకు వచ్చేవి. చెడినవి పదకొండూ ఇరవైకి భుజాలెక్కి లైను కట్టేవి. ఆ లైను సరిచేసేది ఎవరనుకున్నారు, సుద్దముక్క చేతిలో ఉన్న నేనే. ముందు నిలబెడితే ఒక చాయ్. నేను కూడా నా వంతు పుచ్చుకున్నాను. మా చెల్లె నిశ్చితార్థానికి రెండు రోజులు సెలవు ఇవ్వనని పొద్దున కసిరిన మనిషి పదకొండూ నలభైకి ఎనిమిది రోజులు ఇచ్చాడు. తొమ్మిది అడగనందుకు ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ బాధపడ్డాను.

మాస్టర్‌కు ఏమవుతోందో ఆలోచించలేదా అంటే, ఆలోచించాం. తలా ఒక సిద్ధాంతం. లోపల్లోపల జపం చేసుకుంటున్నాడని ఒకడు. ఆ వేళకు భార్య గుర్తొస్తుందని ఇంకొకడు. గుజరాత్‌లో మందు దొరకదు కాబట్టి ఇక్కడ ప్రతి ఒక్కడూ తాగినవాణ్ణి గుర్తుపట్టడంలో పండితుడే. మా వాచ్‌మన్ ఒకరోజు మాస్టర్ మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూశాడు. ఏ వాసనా లేదు. అయితే చాలా ఖరీదైన రకమై ఉంటుందని తేల్చాడు. రోగం అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. నవ్వే మనిషికి రోగం ఉంటుందని ఎవరనుకుంటారు?

ఉగాది తర్వాత మొదలైన ఈ లైను దసరా ముందు ఆగింది. ఆపింది వదిన.

వదిన, అంటే మాస్టర్ భార్య, ఇంట్లో చీరలకు రాళ్ళు అంటించే పని చేసేది. రోజూ ఒంటిగంటకు టిఫిన్ తెచ్చేది. ఆ రోజు చీరలు అప్పజెప్పడానికి పోతూ ముందే వచ్చింది. గుమ్మం దగ్గర ఏడుగురి లైను, చివర్న నవ్వుతూ మాస్టర్. ఆమె ఆయన మొహం ఒక్కసారి చూసింది. టిఫిన్ కింద పెట్టి, లైను పక్కనుంచి వచ్చి, కొంగు ముడి విప్పింది. అందులో చక్కెర ఉంది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ముడిలో చక్కెర ఉంటుందని ఆ తర్వాత తెలిసింది. గుప్పెడు తీసి ఆయన నోట్లో కుక్కింది. ఆయన ఆమె చెయ్యి తోసేసి, "ఎవలు నువ్వు?" అన్నాడు.

ఆ మాటకు లైనులోని ఏడుగురి మొహాల్లోనూ నా మొహంలోనూ నవ్వు పోయింది. వదిన మొహంలో మాత్రం ఏమీ మారలేదు, ఆమెకు ఆ ప్రశ్న కొత్త కాదనుకుంటాను. గడ్డం పట్టుకుని ఇంకో గుప్పెడు పెట్టింది. చాయ్ తెమ్మని, దాంట్లో నాలుగు చెంచాల చక్కెర వెయ్యమని ఎవర్నో పంపింది. పావుగంట పట్టింది. మాస్టర్ కళ్ళు మెల్లగా ఎక్కడినుంచో తిరిగి వచ్చాయి. తిరిగి వచ్చిన మనిషి ముందు బల్ల చూశాడు. అద్దం మీద చక్కెర పలుకులు.

"ఎవడు తిన్నడు ఈడ?"

నాకు ఫక్కున నవ్వు వచ్చింది. భయంతో వచ్చిన నవ్వే, కాని నవ్వే. వదిన నా వైపు తిరిగింది.

"ఎన్ని దినాల సంది గిట్ల చూస్తున్రు తమ్మీ?"

నేను సుద్దముక్క చూసుకున్నాను. లైనులోంచి ఎవరో ఉగాది కాడి నుంచి అని నిజం చెప్పేశారు.

"సంతోషంగ ఉన్నడనుకున్నం వదినా" అన్నాను.

"మనిషి పానం పోవుడు మీకు సంతోషం లెక్క కనవడ్డదా? ఆర్నెల్ల సంది లైను కట్టి మరీ చూసిన్రా?"

గట్టిగా కూడా అనలేదు. మగ్గాల మోతలో ఆ మాట అందరికీ ఎలా వినిపించిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఏడుగురూ ఎవరి తాకా వాళ్ళు భుజాన వేసుకుని లోపలికి పోయారు.

మాస్టర్‌కు సంగతంతా చెప్పాం. తను చావు దాకా పోయి వచ్చానన్న మాట ఆయన చెవికెక్కలేదు. ఇంకా బయటికి పోని తాకాలన్నీ తెమ్మన్నాడు. రెండు రోజులు ఒక్కడే కూర్చుని విప్పి చూశాడు. గోరు ఆగిన ప్రతిచోటా పక్కన తన ముద్ర ఉంది. "ఇది నేను పాస్ చేసిన్నా?" అని అడిగేవాడు. అవునంటే ఇంకోటి లాగేవాడు. నాలుగైదు చూశాక అడగడం మానేశాడు. ఆయన అంత చిన్నగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. తిడితే బాగుండేది. తిట్టలేదు. "నాకు ఎందుకు చెప్పలే తమ్మీ" అన్నాడు ఒక్కసారే.

డాక్టర్ దగ్గరికి నేనే తోడు వెళ్ళాను. పాపం కడుక్కుందామని. మాస్టర్ తన అంకెల పుస్తకం గర్వంగానే బల్ల మీద పెట్టాడు. గుజరాతీ డాక్టర్ రెండు పేజీలు తిప్పి మూసేసి, ఇది అదుపు కాదు, నువ్వింకా బతికి ఉండడం వింత అన్నాడు. చక్కెర పడిపోతే ఒళ్ళు గోల పెడుతుందట. చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, అన్నీ ఆ గోలే. మాటిమాటికీ పడిపోతుంటే ఒళ్ళు దానికి అలవాటు పడి గోల పెట్టడం మానేస్తుంది. అప్పుడు మనిషికి ఏమీ తెలియదు, నేరుగా బుర్ర మసకబారుతుంది. పొద్దుటి మందు తగ్గించి, మధ్యలో తినిపించి, కొన్ని నెలలు ఒక్కసారి కూడా పడిపోకుండా చూసుకుంటే ఆ గోల తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. మాస్టర్ పుస్తకం తీసి జేబులో పెట్టుకున్నాడు. మెట్లు దిగుతూ మధ్యలో ఆగి, "నా పిన్ను నేనే కట్టేసుకున్న తమ్మీ" అన్నాడు.

షెడ్డు యజమాని సేటుకు ఈ సంగతి తెలియకూడదు. రోజుకొక గంట చూపు పోయే చెకర్‌ను ఏ సేటు ఉంచుకుంటాడు? మాస్టర్‌కు ఆ ఉద్యోగం పోతే సూది మందే లేదు. ఆ విషయంలో మాత్రం షెడ్డు షెడ్డంతా నోరు కుట్టేసుకుంది. లైను కట్టినవాళ్ళందరూ కట్టుబడ్డారు. మాకు చేతనైన మంచి అదొక్కటే.

మిషన్‌లో పెట్టే పట్టీలు ఖరీదు కాబట్టి వేలు గుచ్చుకోవడం రోజుకు ఇన్నిసార్లేనని లెక్క ఉంటుంది. అందుకని మాస్టర్ తన పద్ధతి తను కనిపెట్టాడు. చేతిరుమాలంత తెల్లగుడ్డ ముక్క కత్తిరించాడు. అందులో ఒకే ఒక్క పోగు లేదు, అంచుకు కొంచెం లోపల. రోజూ పదకొండుకు ఒకసారి, పదకొండున్నరకు ఒకసారి నేను దాన్ని ఎటో ఒకవైపు తిప్పి ఆయన ముందు పెట్టాలి. గోరు ఆగితే సరి. ఆగకపోతే ఆయన ఏమన్నా వినకుండా బయటికి లాక్కుపోయి చక్కెర పెట్టాలి. గుమ్మం అవతల, మెట్టు మీద. బల్ల దగ్గర మాత్రం కాదు, ఆ నియమం చావనివ్వలేదు.

మొదటి నెలల్లో అదొక కుస్తీ. గోరు గుడ్డంతా తిరిగి వచ్చేది. "ఏ తప్పు లేదు. పాస్" అనేవాడు నాకే మొండిగా. చొక్కా పట్టి లాగితే, నన్ను పనిలోంచి తీసేస్తున్నానని మెట్టు మీద నిలబడి నాలుగైదు సార్లు ప్రకటించాడు. చక్కెర లోపలికి పోయాక గుడ్డ మళ్ళీ అడిగి తీసుకుని, పోగు లేని చోట గోరు ఆనించి, చాలాసేపు అలాగే చూసేవాడు.

సంక్రాంతి గాలిపటాలు వైర్ల మీద వేలాడుతున్న రోజుల్లో ఒక పొద్దున నేనింకా గుడ్డ తియ్యకముందే ఆయన బల్ల వదిలి నా దగ్గరికి వచ్చాడు. రెండు చేతులూ చాపి చూపించాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "గుండె కొట్టుకుంటున్నది తమ్మీ. చెవులల్ల గుయ్యిమంటున్నది. వణుకుతున్న, చూడు" అన్నాడు. ఆ మొహంలో వెలుగు నేను ఆయన శాలువా కప్పించుకున్న రోజు కూడా చూడలేదు. చెయ్యి వణికినందుకు చాయ్ తాగించిన మనిషి సూరత్‌లో ఆయన ఒక్కడే అయి ఉంటాడు. షెడ్డు మొత్తానికి తాగించాడు. సేటు అడిగితే మనవడు పుట్టాడని చెప్పాం.

ఆదివారం దర్బారు మాత్రం కూలిపోయింది. మిషన్‌లో నూట నలభై, నూట అరవై చూసి భక్తులు మొహాలు చూసుకున్నారు. మాస్టర్ ఎంత చెప్పబోయినా ఎవరూ వినలేదు. క్రమశిక్షణ పోయింది, తీపి మరిగాడు అని సంఘం పెద్దాయన బాధపడి రావడం మానేశారు. మాస్టర్ చొక్కా జేబులో ఇప్పుడు బెల్లం ముక్క ఉండేది, గుడ్డకు అంటకుండా రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి. మా జేబులు తడిమిన చెయ్యి ఇప్పుడు గంటకోసారి తన జేబు తడుముకునేది.

కొన్నాళ్ళకు సేటు పాత మగ్గాలు తుక్కు కింద అమ్మేసి కొత్తవి దింపాడు. పాత కారీగర్లు ఒక్కొక్కరే పని మానేసి వెళ్ళిపోయారు. నాకు ఇచ్ఛాపూర్‌లో పెద్ద ఫ్యాక్టరీలో పని దొరికింది. నా చోటుకు జగిత్యాల వైపు నుంచి ఒక నలభై ఏళ్ళ మనిషి వచ్చాడు, మంచివాడు, నిదానస్తుడు. పోయే రోజు గుడ్డముక్క వాడి చేతిలో పెట్టి, పదకొండుకూ పదకొండున్నరకూ ఇది మాస్టర్ ముందు పెట్టి తప్పు చూపించమని అడగాలి అన్నాను. ఎందుకన్నాడు. ఈ షెడ్డు రివాజు అన్నాను. మా పనుల్లో ఎందుకు అని అడిగితే చెప్పే అలవాటు లేదు. నాకు కూడా ఎవరూ ఏదీ ఎందుకో చెప్పి నేర్పలేదు. అదీకాక సేటుకు తెలుస్తుందని భయం. అదీకాక మాస్టర్‌కు ఇప్పుడు వణుకు వస్తోంది కదా, గుడ్డతో పనేముంది అనుకున్నాను. సాకులు ఇంకా ఉన్నాయి గాని, మూడు చాలు.

ఇప్పుడు హాలుకు వద్దాం. పెద్దాయన కూర్చున్నాక ఆ జగిత్యాల మనిషిని పిలిచారు, ఆఖరి రోజు పక్కనున్నవాడు కదా అని. వాడికి మైకు కొత్త. నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని, కళ్ళనీళ్ళతో చెప్పాడు. మాస్టర్ తనను తమ్ముడిలాగా చూసుకున్నాడన్నాడు. ఒక గుడ్డముక్క పెట్టి తప్పు చూపించమనే పాత రివాజు ఉండేదనీ, నాలుగు దినాలు చేసి, ఇంత పెద్దమనిషికి పరీక్ష పెట్టడం ఏం మర్యాదని మానేశాననీ అన్నాడు. జనానికి ఆ వినయం నచ్చింది. ఆ తర్వాత ఆఖరి రోజు సంగతి చెప్పాడు.

"ఆ దినం పదకొండు దాటినంక మాస్టర్ చేతులు వణుకుతున్నయి. జేబుల కెల్లి బెల్లం ముక్క తీసిండు. నేను చూసిన. షుగర్ ఉన్న మనిషి, బెల్లం తింటే ఇంకేమన్న ఉన్నదా? చేతుల కెల్లి గుంజుకొని పారేసిన. మళ్ళ ఇయ్యమన్నట్టు చెయ్యి చాపిండు. వద్దు మాస్టర్, నీ మంచికే అన్న. ఏమనలే. కొద్దిసేపటికి నవ్వి కుర్చీల కూసున్నడు. సల్లగ కూసున్నడు గదా అని నేను పని చేసుకున్న. బువ్వకు లేపుదామని పోతే లేవలే."

హాల్లో నిట్టూర్పులు. పెద్దాయన వాడి భుజం తట్టారు. ఆఖరి క్షణం దాకా ఆయన ఆరోగ్యం కోసం తపించావయ్యా అన్నారు మైకులోనే. ముందు వరసలో ఉన్న షుగర్ మనుషులందరూ తలలు ఊపారు. నేను లేచాను. ఏం మాట్లాడతానో తెలియదు గాని నోటి నిండా మాటలున్నాయి. ఆడవాళ్ళ వైపు ముందు కుర్చీలో వదిన ఉంది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను కూర్చున్నాను.

ఇంకొకరి ప్రసంగం మొదలయ్యాక ఆమె బయటికి వచ్చింది. చెప్పులు విడిచిన చోట గోడకు ఆనుకుని నిలబడింది. నేనూ వెళ్ళాను. వాణ్ణి పిలిచి నాలుగు కడిగేస్తానని అన్నాను.

"చెప్పాలె. ఇంకెవలి చేతులకెల్లి గుంజకుంట చెప్పాలె" అంది వదిన. "గని నువ్వు పోయేటప్పుడు ఆ గుడ్డ ఎందుకో వానికి చెప్పినవా తమ్మీ?"

నేను చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. వదిన కొంగు చివర ముడి మీద వేళ్ళు ఆడిస్తోంది. చక్కెర ముడి ఇంకా అలాగే ఉంది.

"నేను ఆడ లేను. నువ్వు లేవు. గుడ్డ వెట్టెటోడు లేడు" అంది. "అయినా జేబుల చెయ్యి వెట్టిండట గదా. బెల్లం తీసిండట గదా. ఎవ్వలు చెప్పకుంటనే తీసిండు." ఆమె ఏడవడం లేదు. తలెత్తే ఉంది. "ఆయనకు తెలిసింది తమ్మీ."

లోపల మైకులో ఎవరో, ఆయన తనకు కూడా తెలియకుండా పోయాడని ఇంకోసారి చెబుతున్నారు.